బండికో వాటా

వేరావల్,
ఆగస్టు 20

వదినకు నమస్కారాలు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఇక్కడ గుజరాత్‌లో, ఐస్ కంపెనీలో లారీ ఎక్కేముందు ఫోన్లు తీసుకుని లోపల పెట్టేస్తారు. దిగాక చేద్దామంటే అమ్మ నా గొంతు వినగానే ఏడుస్తుంది, మాట సాగదు. అదే నువ్వు చదివి వినిపిస్తే వింటుంది, మధ్యలో నీతో నాలుగు మాటలు పోట్లాడి మనసు తేలిక చేసుకుంటుంది. అందుకే ప్రతిసారీ రెండు కాగితాలు పెడతాను. ఒకటి అమ్మకు చదువు. అందులో నేనేం తింటున్నానో, ఎక్కడ పడుకుంటున్నానో రాస్తాను. రెండోది నీకు మాత్రమే. ఇది ఆ రెండోది.

బండి గురించి నీకు తెలిసినవే మళ్లీ రాస్తున్నాను, నాగవంశీకి గట్టిగా వినిపించు. నేనిటొచ్చాక వాడికి పెళ్లి ఫోటోలకు అద్దెకు తిప్పే ఇటలీ కారు స్టీరింగ్ దొరికేసరికి కళ్లు నెత్తికెక్కాయి. ఫోటోలవాళ్లు 'కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి' అంటే వాడు పెళ్లికూతురి ముందు గొప్ప కోసం నత్తలా పాకిస్తాడు. అలా పాకిస్తే క్లచ్ కాలిపోతుంది. కొత్త క్లచ్ వేయించాలంటే మనం అమ్మిన బోటుకు ఇంజినే కొనొచ్చు. యారాడ ఘాట్ రోడ్డులో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా దిగి చెక్కలు వేసి దాటించమను. బండి పొట్ట నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది, గీసుకుంటే అతికించడానికి మన ఊళ్లో మనిషి లేడు. బుకింగ్ లేకపోయినా రెండు మూడు రోజులకోసారి స్టార్ట్ చేయాలి. లేదంటే బ్యాటరీ చచ్చిపోతుంది.

కొనడానికి అన్నయ్య బోటు అమ్మిన డబ్బూ, అన్నయ్య పోయాక వచ్చిన డబ్బూ సరిపోయాయి. దాన్ని నడపడానికి ఇంకో బోటు కావాలని ఆ చెన్నై బ్రోకరు చెప్పలేదు. నాలుగు చేతులు మారిన బండి కదా, చవగ్గా వచ్చిందనుకున్నాం. పోనీలే. పెళ్లి ఫోటోల సీజన్ పుంజుకుంటే అదే నిలబడుతుంది. బోటుకు తీసినట్టే వాటాలు తీయి. వచ్చినదాంట్లో బండికో వాటా, ఇంటికో వాటా, నాగవంశీకో వాటా. బోటు వాటా పక్కన పెట్టాకే మనుషులు చేయి చాపాలని అన్నయ్య అనేవాడు. తక్కువ పడితే నేను ఇక్కణ్నుంచి పంపుతాను.

యశస్విని బడికి వెళ్తోందా? బాబాయ్ ఏదని అడిగితే లారీ నడుపుతున్నాడని చెప్పు.

నీ మరిది,
సన్నీ

*

యారాడ,
సెప్టెంబర్ 12

చిరంజీవి సన్నీకి వదిన ఆశీస్సులు.

నీ ఉపదేశమంతా నాగవంశీకి చదివి వినిపించాను. 'అలాగే వదినా' అని బుద్ధిగా తలూపాడు. ఆ మర్నాడే బండి రుషికొండ దగ్గర ఆగిపోయింది. మీటర్ మీదున్న దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయట, తర్వాత అన్నీ ఆరిపోయాయట. పట్టుచీరలో ఉన్న పెళ్లికూతురు, కోటు వేసుకున్న పెళ్లికొడుకు దిగి బండిని పక్కకు తోశారు. ఆ ఫోటోగ్రాఫర్ ఊరుకున్నాడా, అదీ తీశాడు. మొత్తం ఆల్బమ్‌లో అదే బాగా వచ్చిందని వాళ్లు సంతోషించి, మనకు మాత్రం సగం డబ్బే ఇచ్చారు.

దాన్ని లారీ మీద ఎక్కించి పెందుర్తి పంపాం. అక్కడ రమణమూర్తి గారని ఒకాయన షెడ్డు పెట్టుకుని ఇలాంటి బండ్లు చూస్తున్నారు. మంచాయన, కానీ నోరు తెరిస్తే భయమేస్తుంది. ఏదో సెన్సరట, వేలెడంత ఉంది, దుబాయ్ నుంచి రావాలట. అది వచ్చాక ఆయిల్ కూడా మార్చాలన్నారు. మన బోటుకు సీజనంతా పోసిన ఆయిల్ ఖరీదు దీనికి ఒక్కసారికే అవుతుందట. వెనక టైర్లు రెండూ అరిగాయన్నారు. వాటి ధర విని, ఇంకో ఆరు నెలలు వాటితోనే నడిపించమని దండం పెట్టాను. బండి వాటా ఎప్పుడో అయిపోయింది, ఇంటి వాటా కూడా అదే తింటోంది. నేను హార్బర్ వేలంలో చేపలు పాడుకుని అమ్ముకోబట్టి పొయ్యి వెలుగుతోంది.

మొన్న వెనక అద్దం దగ్గర గీత పడితే రంగు వేయించడానికి పదిహేను వేలయింది. మీ అన్నయ్య బోటు మొత్తానికి రంగు వేయించినప్పుడు కూడా అంత కాలేదు. ఇంట్లో రాజావారిని పోషిస్తున్నామని నాగవంశీతో అన్నాను.

అత్తకు ఇవేవీ చెప్పలేదు. ఆమె లోకం ఆమెది. నువ్వు లేవు కదా, బండికి పూజ మానొద్దని ప్రతి అమావాస్యకూ తెల్లారకముందే లేస్తుంది. నేను వేలానికి వెళ్లేసరికి బిందె తోముతూ ఉంటుంది. పసుపునీళ్లు పోసి, నిమ్మకాయలు పెడుతుంది. 'అది కారు కదా అత్తా, బోటుకు చేసినట్టు చేస్తావేమిటి?' అన్నాను ఒకసారి. 'ఇంజిను ఎనక్కుంటే అది బోటే గదేటి. నీకేటి తెలుసు, పో' అంది. అత్త పెట్టిన షరతు గుర్తుందా? బోటు అమ్మిన రోజు, 'నీల్లల్లో దిగనిది ఏదైనా కొనరా, నాను అడ్డు సెప్పను' అంది. ఆ మాట మీదే కదా నేనూ ఒప్పుకున్నాను.

యశస్విని నువ్వు లారీ నడుపుతున్నావంటే నమ్మడం లేదు. లారీకి హారన్ ఎలా ఉంటుందో రాయమంటోంది.

వదిన,
సుధారాణి

*

వేరావల్,
అక్టోబర్ 5

వదినకు,

సెన్సరుకు, టైర్లకు డబ్బు పంపుతున్నాను. చేతిరాత బాగోలేదు, క్షమించు. ఐసు దిమ్మలు దించి చేతులు కోసుకుపోయాయి, వేళ్లు సరిగా ముడవడం లేదు.

బండి అమ్మేద్దామని నువ్వు రాయలేదు గానీ ఉత్తరమంతా ఆ మాటే ఉంది. అమ్మొద్దు వదినా. హార్బర్‌లో అన్నయ్య బోటును కొన్నవాడు తాడు విప్పి తీసుకెళ్తుంటే గట్టు మీద నిలబడ్డది నేను. ఆ రోజు అందరూ నన్ను ఎలా చూశారో నీకు తెలియదు. అన్న పోయాడని భయపడి బోటు అమ్మేసుకున్నాడన్నారు. నేను భయపడలేదు. అమ్మ కోసం అమ్మాను. ఇప్పుడు ఆ బోటుకు బదులొచ్చిన బండి కూడా పోతే, అన్నయ్య సంపాదన మొత్తాన్ని నేనొక్కణ్నే సముద్రంలో పోసినట్టు అవుతుంది. యశస్విని పెద్దయ్యాక నన్నడిగితే ఏం చెప్పను?

డిసెంబర్ దాటితే అంతా పెళ్లిళ్లే. ఎంతైనా నేను పంపుతాను. అమ్మకు ఖర్చుల సంగతి ఒక్క ముక్క కూడా తెలియనీయకు. బండి మనల్ని పోషిస్తోందనే అనుకోనీ.

లారీ హారన్ కుక్క అరిచినట్టు ఉంటుందని దానికి చెప్పు.

సన్నీ

*

యారాడ,
నవంబర్ 18

సన్నీ,

ఈసారి కాగితం ఒక్కటే. అత్తకు చదవాల్సిన కాగితం నేనే నోటికొచ్చినట్టు చెప్పేస్తాను, రాసే ఓపిక లేదు.

ఐసు పట్టిన చేతులు పగులుతాయి, కోసుకుపోవు. తాడు లాగిన చేతులే కోసుకుపోతాయి. ఏడేళ్లు మీ అన్నయ్య చేతులకు వేపనూనె రాసినదాన్ని, ఆ తేడా నాకు తెలియదనుకున్నావా? లారీ నడిపేవాడి ఉత్తరాలు జీతాలప్పుడు రావాలి. నీవి బోట్లు ఒడ్డుకొచ్చినప్పుడే వస్తున్నాయి. నువ్వు బోటెక్కావు. ఏ బోటు ఎక్కావో, ఎంత దూరం పోతున్నావో నేనడగను. అక్కడ పాకిస్తాన్ గీత దాటి పట్టుబడి ఏళ్ల తరబడి రానివాళ్ల పెళ్లాలు మన పక్క ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లను వేలంలో రోజూ చూస్తున్నాను. నాకు కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. నీళ్లలో దిగకూడదని కొన్న బండి కోసం నువ్వు నీళ్లలో దిగావు.

ఇంకోటి కూడా రాయాలి. సెన్సరు వేయించి తెచ్చుకున్న బండి మళ్లీ ఆగిపోతే పోయిన వారం పెందుర్తి పంపాం. నిన్న రమణమూర్తి గారు ఫోన్ చేసి నన్ను అక్కడికి రమ్మన్నారు. బండి వెనక ఇంజిను మీద జల్లెడలా చీలికలున్న మూత ఉంది కదా, అది ఎత్తి చూపించారు. వైర్ల మీద, ఇనుము మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. 'అమ్మా, ఈ బండి ఎప్పుడైనా సముద్రంలో దిగిందా?' అని అడిగారు. దిగలేదన్నాను. ఆ ఉప్పు పక్కనే పసుపు మరకలున్నాయి. అప్పుడు అర్థమైంది నాకు. అవి కుళాయి నీళ్లనుకున్నాను ఇన్నాళ్లూ. అత్త బోటుకు పోసినట్టే పోస్తోంది. సముద్రం నీళ్లలో పసుపు కలిపి, ముందు ముక్కు మీద కొంచెం, మిగతా బిందె మొత్తం వెనక ఇంజిను మీద. దీపాలు ఆరిపోవడం, సెన్సర్లు చచ్చిపోవడం, అన్నీ దానివల్లే. లోపలి వైర్లన్నీ మార్చాలట. అందుకయ్యే డబ్బు రాస్తే నువ్వు ఇంకో సీజన్ అక్కడే ఉండిపోతావు, అందుకే రాయను. లేదంటే విడిభాగాలకు అమ్మేయొచ్చట. బెంగుళూరు వాడొకడున్నాడు.

అత్తతో 'పోయొద్దు' అని ఒక్క మాట చెబితే సరిపోతుంది కదా అంటావు. ఆ మాట నేనెలా చెప్పగలను? మీ అన్నయ్య ఆఖరిసారి వెళ్లిన రోజు నేను యశస్వినిని కనడానికి ఆస్పత్రిలో నొప్పులు పడుతున్నాను. అత్త నా చేయి వదల్లేదు. ఆ ఒక్క రోజే హార్బర్‌కు వెళ్లలేదు, ఆ ఒక్కసారే బోటుకు నీళ్లు పోయలేదు. బోటు తిరిగొచ్చింది, మనిషి రాలేదు. ఆ తర్వాత అత్త నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పుడైనా అనుంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. ఆ బిందె ఉంది కాబట్టే ఆమె రాత్రి నిద్రపోతోంది. ఆ బిందే బండిని చంపుతోందని నా నోటితో చెప్పలేను సన్నీ.

ఏం చేయాలో నువ్వే రాయి.

సుధారాణి

*

వేరావల్,
డిసెంబర్ 9

వదినకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అవును, బోటే. ఐస్ కంపెనీలో వారం పనిచేశాను, వాళ్లిచ్చేది బండి ఇన్సూరెన్సుకు కూడా రాదు. నాకు తెలిసిన పని ఇదొక్కటే. బోటు ఓనరు దగ్గర ముందే డబ్బు తీసుకుని మీకు పంపాను, ఇప్పుడు మధ్యలో దిగడం కుదరదు.

అమ్మకు రెండూ చెప్పొద్దు. నేను బోటెక్కిన సంగతీ వద్దు, ఉప్పు సంగతీ వద్దు. నాకు తోచింది ఇది. బాగయ్యేవరకూ బండిని రమణమూర్తి గారి షెడ్డులోనే ఉంచు. అమ్మ చేతికి అందదు. సామాన్లు రావడం ఆలస్యమవుతోందని చెప్పు. వైర్లు మార్పిద్దాం. ఎంతవుతుందో రాయి, నేను చిన్నపిల్లాణ్ని కాదు.

నీ కోపం న్యాయమే. కానీ రాత్రిపూట వల దించాక కూర్చుంటే నాకు బండే గుర్తొస్తుంది. మొదటిసారి బీచ్ రోడ్డులో నడిపాను కదా, నువ్వు పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నావు. అమ్మ యారాడలో వాకిట్లో నిలబడి ఆ చప్పుడు ఘాట్ రోడ్డు మీదుండగానే గుర్తుపట్టింది. 'మన బోటొచ్చింది' అని పక్కింటి నూకాలును పిలిచింది. అన్నయ్య పోయాక అమ్మ నవ్వడం నేను అప్పుడే చూశాను. అందుకే వదులుకోలేకపోతున్నాను. నీకు చెప్పిన కారణాలన్నీ దీని తర్వాతే.

సన్నీ

*

యారాడ,
జనవరి 6

సన్నీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. సామాన్లు రాలేదని అత్తకు చెప్పాను. సరేనంది, మళ్లీ అడగలేదు. అడగనప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

అమావాస్య రోజు నేను వేలం నుంచి వచ్చేసరికి ఇంట్లో లేదు. సాయంత్రం రమణమూర్తి గారి ఫోన్ వచ్చింది. అత్త ఐదు లీటర్ల నూనె డబ్బాలో సముద్రం నీళ్లు పట్టుకుని, కాంప్లెక్స్‌లో బస్సు మారి, అడుగుతూ అడుగుతూ పెందుర్తి షెడ్డుకు చేరింది. మూత ఎత్తమందట. ఆయన పాపం అడ్డంపడి, 'పెద్దమ్మా, ఉప్పునీళ్లతోనే ఇది పాడైంది, మీ అబ్బాయి జీతమంతా దీనికే పోస్తున్నాడు' అని ఉన్నదంతా చెప్పేశారు. తాను కబురు పెట్టిన బెంగుళూరు వాడు వచ్చే నెల చూడటానికి వస్తాడనీ, ఈలోగా ఇంకొక్క డబ్బా పోస్తే విడిభాగాల ధర కూడా రాదనీ చెప్పారు. అత్త నీళ్లు పోయలేదు. డబ్బా అలాగే మోసుకుని మళ్లీ యారాడ తెచ్చి సముద్రంలోనే వంపేసింది.

రాత్రి అన్నం తినలేదు. తెల్లారాక నన్ను కూర్చోబెట్టి, 'కాయితం తియ్యి. నాను సెప్పింది సెప్పినట్టు రాయి. నీ సొంతం ఒక్క ముక్క కలిపితే ఊరుకోను' అంది. కింద రాసిందంతా ఆమె మాటే.

'ఒరే సన్నీ. నువ్వు లారీ ఎక్కలేదని నువ్వెల్లిన నెలకే నాకు తెలుసు. నూకాలు మొగుడు అక్కడే గదా ఉన్నాడు, ఆడు సూసి ఇంటికి పోను సేసి సెప్పేడు. నువ్వు దాసేవని నానూ అడగలేదు. అడిగితే నువ్వు ఒట్టేసి అబద్ధం సెప్తావు. గంగ మీదున్నోడు అబద్ధం ఒట్టు ఎయ్యకూడదు.

'మీ అన్నకి ఆ పొద్దు నీల్లు పొయ్యలేదు. దానికి మీ వదిన్ని నానెప్పుడూ ఏటీ అనలేదు, అననూ అనను. ఆ పొద్దు మల్లీ వచ్చినా దాని సెయ్యే పట్టుకుంటాను.'

ఇక్కడ నేను రాయడం ఆపేశాను. 'రాయే' అంది.

'నువ్వెక్కిన బోటు నాకు అందదు. దాని పేరు కూడా నాకు తెలీదు. మీ అన్న బోటు అమ్మి కొన్నాం గదా ఈ బండి, అందుకని దీని మీదే పోసేను. నువ్వెల్లినకాడ్నించి అమాసకే కాదు, పున్నానికి కూడా పోసేను.

'ఉప్పునీరు ఇనుముని తినేత్తాదని నాకు తెలీదనుకున్నారేటి మీరు? పుట్టినకాడ్నించి సూత్తన్నాను. లంగరు తినేసినాది, గొలుసు తినేసినాది, మీ అయ్య బోటు మేకులు తినేసినాది. తెలిసే పోసేను. బోటుకి వాటా తీత్తారు, వలకి వాటా తీత్తారు. సంద్రం తల్లి గంగాలమ్మకి ఎవులు తీత్తన్నారు? ఈ ఇనుము నీ వాటా తల్లీ, దీన్ని తిను, నా పిల్లోడ్ని వొగ్గీ అని దండం పెట్టుకుని పోసేను.

'మరి ఆ ఇనుము కోసమే నువ్వు గంగ మీద ఉన్నావని నాకెవులు సెప్పేరు? నాను పోసినకొద్దీ అది పాడయినాది. అది పాడయినకొద్దీ నువ్వు అక్కడే ఉండిపోయేవు. నాను నీకు దాసేను, నువ్వు నాకు దాసేవు, మీ వదిన మనిద్దరికీ దాసినాది. ఇంక సాలు. బండి అమ్మెయ్యి. మీ అన్న సంపాదన అంటావు. మీ అన్న సంపాదనలో నువ్వూ ఉన్నావు. నిన్ను సదివించినాడు, నీకు ఈత నేర్పినాడు. వచ్చెయ్యి.'

ఇంతే చెప్పింది. తర్వాత కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా చాలాసేపు చూసి, మడిచి నా చేతికిచ్చింది. బండి నీ పేరున ఉంది కాబట్టి అమ్మకం ఫారాలు ఇందులోనే పెడుతున్నాను. సంతకం చేసి పంపు.

సుధారాణి

*

వేరావల్,
జనవరి 24

అమ్మకు, వదినకు,

ఇకమీదట రెండు కాగితాలు ఉండవు. ఇది ఇద్దరికీ.

ఫారాల మీద సంతకం చేశాను. నా చేతిరాత చూసి ఆ సంతకం నాదేనా అని ఎవరైనా అడిగితే నాదేనని చెప్పు వదినా. బెంగుళూరు వాడు ఎంతిస్తే అంతకు ఇచ్చేయి.

ఓనరుతో మాట్లాడాను. తీసుకున్న డబ్బుకు ఇంకొక్క ట్రిప్పు చేస్తే చాలన్నాడు. ఎల్లుండి బయలుదేరుతున్నాం. తిరిగొచ్చాక రైలెక్కేస్తాను. ఈ కాలంలో ఇక్కడ గాలి మంచిది కాదు. ఇన్నాళ్లూ మీకు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. మొన్నటి ట్రిప్పులో రాత్రంతా నీళ్లు తోడుతూనే ఉన్నాం. నాకు భయమేసింది. అన్నయ్య గుర్తొచ్చాడు. తెల్లారాక మా వాళ్లు తేదీ చెబితే, అది పౌర్ణమి అని లెక్క తేలింది. అమ్మ పౌర్ణమికి కూడా పోసిందని అప్పటికి నాకు తెలియదు. ఒడ్డుకొచ్చి మీ ఉత్తరం చదివాక తెలిసింది. బండిని షెడ్డులో ఉంచమన్నది నేనే కాబట్టి, ఆ పౌర్ణమికి ఎవరూ ఏమీ పోయలేదని కూడా అప్పుడే తెలిసింది.

ఇవన్నీ నేను నమ్ముతానా లేదా అని అడగకు వదినా. నాకూ తెలియదు. బోటు బయలుదేరేటప్పుడు ఇక్కడ నాకు నీళ్లు పోసేవాళ్లెవరూ లేరు, అంతే తెలుసు.

బండిని అమావాస్యలోపు యారాడ తెప్పించు. ఆ లారీ అద్దె దాని మీద మనం పెట్టే చివరి ఖర్చు. రమణమూర్తి గారు ధర పోతుందని గోల పెడతారు, నేనే చెప్పానని చెప్పు. బెంగుళూరు వాడు రాకపోయినా సరే. బండిని మన పాకలో పాత చోటే, సముద్రం వైపు వెనక పెట్టి నిలపమను.

వెనక మూత ఎత్తి ఉంచమని నాగవంశీకి చెప్పు. అమ్మకు వంగడం కష్టం.

సన్నీ